బడి వదిలి వెళ్లిన తెలుగు మాస్టారు

మునిగుడలో రైలెక్కి రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి దాటితే విజయనగరం వస్తుంది. అక్కడి నుంచి మద్రాసు వైపు వెళ్లే పెద్ద లైనులో విశాఖపట్నం దాటి పోతే గోదావరి ఒడ్డున రాజమండ్రి తగులుతుంది. నది మీది పొడవాటి వంతెన దాటగానే కొవ్వూరు, ఇంకాస్త ముందుకెళ్తే నిడదవోలు. ఆ గోదావరి ఊళ్లలో పెరిగిన ఒక కుర్రాడు ట్రైనింగు పూర్తిచేసి తెలుగు మాస్టారయ్యాడు. కొద్దికాలానికే ఆ ఉద్యోగం వదిలేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మద్రాసు వెళ్లిపోయాడు. తరువాత రెండు దశాబ్దాల పాటు తెలుగువాళ్లను నవ్వించిన రాజబాబు ఆ కుర్రాడే.

మన పిల్లల్లో చాలామందికి ఆ పేరు తెలియకపోవచ్చు. వాళ్ల తాతయ్యల దగ్గర, నాయనమ్మల దగ్గర ఒక్కసారి అని చూడండి. ముందు నవ్వు వస్తుంది, ఆ తరువాతే మాట వస్తుంది.

ఆయన కథ మన బడుల పేజీలో చెప్పుకోవడానికి కారణం ఉంది. కొత్త విద్యా సంవత్సరం మొదలైనప్పుడల్లా తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. ఒడియా నేర్చుకుంటే ఇక్కడ ఉద్యోగం, ఇంగ్లీషు నేర్చుకుంటే ఎక్కడైనా ఉద్యోగం, మరి తెలుగు నేర్చుకుంటే ఏమొస్తుందని. ఆ ప్రశ్న తప్పు కాదు. పిల్లల భవిష్యత్తు గురించి అడగాల్సిన వాళ్లే అడుగుతున్నారు. రాజబాబు జీవితం దానికి పూర్తి జవాబు కాకపోవచ్చు గానీ, ఆలోచించదగిన జవాబు మాత్రం అందులో దొరుకుతుంది.

హాస్యపు వంత

రాజబాబు అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. 1930ల్లో ఒక అక్టోబరు 20న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి ఉమామహేశ్వరరావు, తల్లి రవణమ్మ. ఆయన తమ్ముళ్లు చిట్టిబాబు, అనంత్ కూడా పెద్దయ్యాక సినిమాల్లో హాస్యనటులే అయ్యారు.

నిడదవోలులో బడికి వెళ్తున్న రోజుల్లోనే రాజబాబు బుర్రకథ నేర్చుకోవడానికి గురువు దగ్గర చేరారు. ఆయన నటన ఎక్కడ మొదలైందో తెలియాలంటే బుర్రకథ ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

బుర్రకథకు ముగ్గురు కావాలి. మధ్యలో తంబుర భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని నిలబడేవాడు కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలు వాయించే ఇద్దరూ వంతలు. వాళ్లలో ఒకరు రాజకీయ వంత. కథను మధ్యలో ఆపి, ఈ కాలపు మంచిచెడ్డలకు ముడిపెట్టి మాట్లాడడం ఆయన పని. రెండోవాడు హాస్యపు వంత. కథకుడు ఎంత గంభీరంగా చెబుతున్నా పక్క నుంచి అమాయకంగా ఓ ప్రశ్న వేస్తాడు. జనం నవ్వుతారు. నిజానికి ఆ ప్రశ్న జనం మనసులో ఉన్నదే. దానికి జవాబు చెప్పే వంకతో కథకుడు కథను ఇంకా విడమరిచి చెబుతాడు.

హాస్యపు వంతకు తెలియాల్సిన కిటుకులు మూడు. మాట ఎక్కడ అందుకోవాలి, ఎంతసేపు ఆగాలి, నవ్వు తగ్గుతూ ఉండగా కథను తిరిగి కథకుడి చేతికి ఎలా అప్పగించాలి. తరువాత రాజబాబు తెరమీద చేసింది కూడా అదే. పెద్ద హీరోల కథల మధ్యలోకి ఒక్క పరుగున వచ్చి, హాలంతా నవ్వించి, కథను మళ్లీ వాళ్లకు అప్పగించి వెళ్లేవారు.

ఇంటర్మీడియట్ అయ్యాక ఉపాధ్యాయ శిక్షణ పొంది తెలుగు మాస్టారుగా చేరారు. పగలు పాఠం, సాయంత్రం నాటకం. 'కుక్కపిల్ల దొరికింది', 'నాలుగిళ్ల చావిడి', 'అల్లూరి సీతారామరాజు' వంటి నాటకాల్లో ఆ రోజుల్లోనే వేషాలు వేశారు. పాఠం చెప్పడానికీ నాటకం ఆడడానికీ పెద్ద తేడా లేదని మన మాస్టార్లకు వేరే చెప్పనక్కర్లేదు. చివరి బెంచీ వాడి చూపు కిటికీలోంచి బయటికి పోకుండా పట్టుకోవడం కంటే కష్టమైన నటన ఏముంటుంది?

చెప్పకుండా మద్రాసుకు

ఒక నాటకంలో రాజబాబును డాక్టర్ గరికపాటి రాజారావు చూశారు. ఆయన ప్రజానాట్యమండలిని నడిపిన పెద్దమనిషి. 1953లో వచ్చిన 'పుట్టిల్లు' సినిమాకు దర్శకత్వం వహించి జమునను వెండితెరకు పరిచయం చేసింది కూడా ఆయనే. కుర్రాడిలో విషయం ఉందని గ్రహించి, సినిమాల్లో ప్రయత్నించమని ప్రోత్సహించారు.

ఆ మాట రాజబాబు మనసులో నాటుకుపోయింది. 1960 ఫిబ్రవరిలో ఎవరికీ చెప్పకుండా మద్రాసు చేరుకున్నారు. నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు వదిలి, ఎవరూ పిలవని ఊరికి వెళ్లడం ఏ తల్లిదండ్రులకూ నచ్చే పని కాదు. నచ్చదని తెలిసే ఆయన చెప్పలేదేమో.

అప్పటి మద్రాసు సంగతి మనలాంటి వాళ్లు గమనించాల్సినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు నగరం అవతలి వైపే ఉండిపోయింది. తెలుగు సినిమా మాత్రం అక్కడి నుంచి వెంటనే కదలలేదు. స్టూడియోలు, లాబొరేటరీలు, పాటల రికార్డింగు థియేటర్లు అన్నీ అక్కడే. వీధిలో తమిళం, కొట్లో తమిళం, బస్సులో తమిళం. స్టూడియో గేటు లోపల తెలుగు. మునిగుడలో మనం ఇంటి గడప లోపల తెలుగు, గడప దాటితే ఒడియా మాట్లాడుతున్నట్టే, మన మహానటులూ మహాకవులూ ఏళ్ల తరబడి వేరే భాష ఊళ్లో అల్పసంఖ్యాకులుగానే బతికారు. తెలుగువాళ్లు ఇప్పటికీ తలచుకునే గొప్ప సినిమాల్లో చాలావాటికి పురుడు పోసింది ఆ పరాయి భాష నగరమే.

ఆ నగరంలో రాజబాబుకు తిండి పెట్టింది మాస్టరీయే. హాస్యనటుడు అడ్డాల నారాయణరావు ఇంట్లో పిల్లలకు ప్రైవేటు చెబుతూ పూట గడుపుకున్నారు. వేషాల కోసం బడి వదిలి వచ్చినవాడికి మళ్లీ పలకా బలపమే అక్కరకొచ్చాయి. కొన్నాళ్లకు ఆ నారాయణరావే చొరవ తీసుకుని 'సమాజం' సినిమాలో అవకాశం ఇప్పించారు. అది 1960లో వచ్చింది. అప్పలరాజు తెరమీద రాజబాబు అయ్యారు.

మూడు వందల యాభై రూపాయలు

మొదటి సినిమాతోనే రాత మారిపోలేదు. 'తండ్రులు కొడుకులు', 'కులగోత్రాలు', 'స్వర్ణగౌరి', 'మంచి మనిషి' ఇలా ఒక్కొక్కటే చిన్న చిన్న వేషాలు వచ్చాయి. 1962 నాటి 'స్వర్ణగౌరి'కి అందిన 350 రూపాయలే ఆయన మొట్టమొదటి పారితోషికం. అంటే మద్రాసు వచ్చిన రెండేళ్ల వరకూ చెప్పుకోదగ్గ సంపాదన లేదన్నమాట. సినిమాల మధ్య ఖాళీ ఉన్నప్పుడల్లా నాటకాలు ఆడుతూనే ఉన్నారు.

1965లో జగపతి సంస్థ తరఫున వి.బి. రాజేంద్రప్రసాద్ తీసిన 'అంతస్తులు' ఆయనకు మలుపు. ఆ సినిమాకు 1300 రూపాయలు ముట్టాయి. అప్పటికి ఆయన అందుకున్న పెద్ద మొత్తం అదే. అదే ఏడాది చివర్లో పెళ్లయింది. భార్య లక్ష్మీ అమ్మాళ్లు, మహాకవి శ్రీశ్రీ సతీమణి సరోజకు చెల్లెలు. అలా తెలుగు కవిత్వాన్ని మలుపు తిప్పిన శ్రీశ్రీకి రాజబాబు తోడల్లుడయ్యారు.

ఆయన వచ్చేనాటికి తెలుగు తెరమీద హాస్యానికి లోటేమీ లేదు. రేలంగి, రమణారెడ్డి జంట ఇంకా నిండుగా నవ్విస్తూనే ఉంది. పద్మనాభం, అల్లు రామలింగయ్య, 'పాతాళభైరవి'లో అంజిగాడుగా పేరు తెచ్చుకున్న బాలకృష్ణ ఎవరి దారిలో వాళ్లు రాణిస్తున్నారు. ఇంతమంది మధ్య కొత్తవాడు నిలబడాలంటే తనదంటూ ఒకటి ఉండాలి. రాజబాబుకు ఉన్నది సన్నని ఒళ్లు, ఆ ఒంట్లో స్ప్రింగులాంటి వేగం. నడిస్తే గెంతినట్టుండేది. మాట వంకర్లు తిరుగుతూ, గొంతు ఒక్కసారిగా పైకెక్కి చటుక్కున దిగేది. కనుబొమల దగ్గర నుంచి కాలివేళ్ల దాకా అన్నీ సంభాషణలో పాలుపంచుకునేవి.

జంటగా నటించిన వాళ్లలో గీతాంజలి, మీనాకుమారి తదితరులు ఉన్నా, జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది రమాప్రభనే. 'ఇల్లు ఇల్లాలు', 'సెక్రటరీ' వంటి సినిమాల్లో వాళ్లిద్దరూ కనబడగానే హాల్లో ఈలలు మోగేవి. ఒకరు మాట విసిరితే ఇంకొకరు నేల తాకకుండా అందుకునేవారు. ఒకరు రెచ్చిపోతే ఇంకొకరు నిమ్మళంగా ఉండేవారు. గుమ్మెట మీద ఇద్దరు వంతలు ఒకే తాళం వాయించినట్టు ఉండేది ఆ పొత్తు. రమాప్రభ గొప్ప నటి కాబట్టే అది కుదిరింది. హాస్యంలో ఒక్కడే గెలవడం ఉండదు.

1960ల చివరి నుంచి 1970ల నడిమి దాకా రాజబాబు లేని తెలుగు సినిమా అరుదు. హీరో ఎవరైనా హాస్యానికి ఆయనే కావాలి. ఆయనకంటూ ఒక చిన్న కథ, ఒక జంట, వీలైతే ఒక పాట ఉండాలి. అందుకోసం నిర్మాతలు ఆయన కాల్షీట్ల చుట్టూ షూటింగులు సర్దుకునేవారు. ఇరవై ఏళ్లలో ఐదు వందలకు పైగా సినిమాల్లో నటించారు. లెక్క వేస్తే ఏడాదికి సగటున పాతిక.

ఒక్క మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ కాలపు హాస్యంలో కొంత ఈనాటి పిల్లలకు చూపించదగినది కాదు. నత్తిని, నల్లని రంగును, లావు ఒళ్లును చూపించి నవ్వించే సన్నివేశాలు అప్పటి సినిమాల్లో మామూలే. పిల్లలతో కలిసి పాత సినిమాలు చూసే పెద్దలు మంచివి ఏరి చూపించాలి. ఎందుకు ఏరుతున్నారో పిల్లలకు చెప్పాలి కూడా.

తాత, మనవడు

నవ్వించేవాడు కథకు పక్కవాద్యమే గానీ ప్రధానం కాదని సినిమావాళ్ల నమ్మకం. తమిళంలో కె. బాలచందర్ కథ రాసిన 'సర్వర్ సుందరం'తో 1964లో నాగేష్ ఆ గీత దాటారు. తెలుగులో రాజబాబుకు ఆ అవకాశం 1973లో వచ్చింది.

నిర్మాత కె. రాఘవ, అప్పటిదాకా దర్శకత్వం చేయని ఒక యువకుడికి సినిమా అప్పగించారు. ఆ యువకుడు దాసరి నారాయణరావు. సినిమా 'తాత మనవడు'. తాతగా ఎస్.వి. రంగారావు, మనవడుగా రాజబాబు. కన్నవాళ్లను గాలికొదిలేసే కొడుకు కథ అది. ఘటోత్కచుడిగా, నేపాళ మాంత్రికుడిగా తెరను దద్దరిల్లజేసిన రంగారావు ఎదుట బక్కపలచని రాజబాబు నిలబడడమే ఒక విశేషం. నిలబడడమే కాదు, పోటీపడి మెప్పించారు. పెద్ద హీరో లేని ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. ఇంటింటా మాట్లాడుకున్నారు. తల్లిదండ్రులను చూడని కొడుకులకు తమ మీదే తీసినట్టనిపించింది.

దాసరికి దర్శకుడిగా అదే తొలి మెట్టు. రంగారావు మరుసటి ఏడాదే కన్నుమూశారు. తెలుగు సినిమాలో ఒక తరం దిగిపోతూ ఉండగా మరో తరం ఎక్కి వస్తున్న గడప మీద ఆ చిత్రం నిలిచింది. రాజబాబు ఆ గడపకు రెండు వైపులా ఉన్నారు.

ఆ ధైర్యంతో 'తిరుపతి', 'పిచ్చోడి పెళ్లి' వంటి చిత్రాల్లోనూ ముఖ్య పాత్రలు వేశారు. తనే నిర్మాతై 'ఎవరికి వారే యమునా తీరే', 'మనిషి రోడ్డున పడ్డాడు' తీశారు. పేర్లు చూడండి. హాస్యనటుడు డబ్బు పెట్టి తీసిన సినిమాల పేర్లంటే ఎవరూ నమ్మరు. పొద్దస్తమానం నవ్వించిన మనిషికి తన సొంత సొమ్ముతో చెప్పాలనిపించింది మనుషుల ఒంటరితనం గురించి, పడిపోయినవాడి గురించి.

పుట్టినరోజు సత్కారం

పేరొచ్చాక రాజబాబు ఒక ఆనవాయితీ పెట్టుకున్నారు. ఏటా తన పుట్టినరోజున పాతతరం నటీనటులను పిలిచి సత్కరించేవారు. అంజిగాడు బాలకృష్ణ తనకు ప్రేరణ అని చెప్పుకునేవారు. డాక్టర్ శివరామకృష్ణయ్య, రేలంగి, సూర్యకాంతం, సావిత్రి ఇలా ఎందరో ఆయన చేత శాలువా కప్పించుకున్నారు.

సినిమా రంగంలో వేషాలు తగ్గిన మనిషిని మరిచిపోవడానికి ఎక్కువ రోజులు పట్టదు. అలాంటి చోట, వెలుగులో ఉన్నవాడు తన పండగ రోజున వెలుగు తగ్గినవాళ్లను మధ్యలో కూర్చోబెట్టాడు. అందులో గురుపూజ ఉంది, మాస్టారి సంస్కారం ఉంది. తన రోజు కూడా ఏదో ఒకనాడు తగ్గుతుందన్న ఎరుక కూడా ఉండి ఉంటుంది.

ఆ రోజు రానే వచ్చింది. 1970ల చివరికి తెలుగు సినిమా ఒరవడి మారింది. విడిగా నడిచే హాస్యకథలకు చోటు తగ్గింది. కొత్త హాస్యనటులు వచ్చారు. 1983 ఫిబ్రవరిలో రాజబాబు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా నిండలేదు.

కోరుకొండలో కళాశాల

ఆయన సంపాదనలో కొంత ఎక్కడికి వెళ్లిందో చూస్తే మనిషి అర్థమవుతాడు. రాజమండ్రిలో వీధులు ఊడ్చి శుభ్రం చేసే కార్మికుల కోసం దానవాయిపేటలో స్థలం ఇచ్చారు. ఊరు శుభ్రంగా ఉండడానికి కారణమైనవాళ్లకు ఆ ఊళ్లో సొంత చోటు లేకపోవడం ఆయన కంట పడింది. చాలామంది కంట పడని సంగతి అది.

రెండోది, రాజమండ్రికి దగ్గరలోని కోరుకొండలో జూనియర్ కళాశాల కట్టించారు. పల్లె పిల్లలు పదో తరగతి తరువాత చదువు ఆపేయకుండా ఇంటికి దగ్గరలో చదువుకోవడానికి. దానికి ఆయన పేరే పెట్టారు. ఎవరికీ చెప్పకుండా బడి వదిలి వెళ్లిన మాస్టారు చదువుకు పడిన బాకీని అలా తీర్చుకున్నారనుకోవచ్చు.

మన తరగతి గదిలో

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. తెలుగు నేర్చుకుంటే ఏమొస్తుంది?

రాజబాబుకు తెలుగు ముందు ఒక కళ ఇచ్చింది, తరువాత ఒక ఉద్యోగం ఇచ్చింది. పరాయి భాష నగరంలో ఆకలేసినప్పుడు ఒక పూట కూడు పెట్టింది. ఆ తరువాతే పేరూ డబ్బూ. ప్రతి పిల్లవాడూ రాజబాబు కాడు, కానక్కర్లేదు కూడా. ఆయనతో పాటు మద్రాసు వెళ్లి ఏ వేషమూ దొరక్క తిరిగొచ్చినవాళ్లు ఎంతమందో. అందుకే సినిమా ఆశ చూపించి పిల్లలను బడికి రప్పించమని ఈ కథ చెప్పడం లేదు. ట్రైనింగు పూర్తి చేశాకే ఆయన మద్రాసు వెళ్లారన్న సంగతి పిల్లలకు గట్టిగా చెప్పాలి. చేతిలో ఉన్న చదువే ఆయనను నిలబెట్టింది.

ఈ కథలో అందరికీ పనికొచ్చేది హాస్యపు వంత. సొంత భాషలో నవ్వించగలిగినవాడికి ఆ భాష నిజంగా వచ్చినట్టు లెక్క. వ్యాకరణం బట్టీ పట్టవచ్చు, పద్యం అప్పజెప్పవచ్చు, జోకు మాత్రం బట్టీ పడితే పేలదు. మాట బరువు, విరుపు, ఎదుటివాడి ముఖం అన్నీ తెలియాలి.

ఉపాధ్యాయులకు ఒక సూచన. వాచకంలోని ఏదైనా ఒక కథను తీసుకుని ముగ్గురు పిల్లలతో బుర్రకథగా చెప్పించండి. ఒకరు కథకుడు, ఇద్దరు వంతలు. తంబుర లేకపోతే కర్ర, గుమ్మెట లేకపోతే బల్ల చాలు. హాస్యపు వంతకు మాత్రం ఏమీ రాసివ్వకండి. ఎక్కడ ప్రశ్న వేయాలో, ఏమి అడగాలో వాడినే ఆలోచించుకోనివ్వండి. తన ఇంటి యాసలో అడగనివ్వండి. సంతలో వినే ఒడియా మాట, నియమగిరి కొండల నుంచి వచ్చే స్నేహితుడి కువి మాట మధ్యలో దొర్లితే దొర్లనివ్వండి. ఊరి మాటను కథలోకి తేవడమే హాస్యపు వంత పని.

తల్లిదండ్రులను కూడా ఆ రోజు బడికి పిలవండి. తెలుగు ఎందుకని అడిగే తండ్రి, తన పిల్లవాడు వేసిన ప్రశ్నకు పదిమందీ నవ్వడం ఒకసారి చూడాలి.